పసిడి శిలల జాడ: రాబర్ట్ బ్రూస్ ఫుట్

దక్షిణాపథంలో బంగారం పుట్టే శిలలేవి, పుట్టని శిలలేవి అన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం వెదకిన వారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అగ్రగణ్యుడు. చరిత్ర గ్రంథాలలో ఆయన పేరు వేరొక కారణంగా ప్రసిద్ధమైనది. భారతదేశంలో ప్రాచీన శిలాయుగపు మానవుడు సంచరించాడని తొలిసారి నిరూపించిన రాతి గొడ్డలిని కనుగొన్నది ఆయనే. అందువల్ల ఆయనను భారత ప్రాగైతిహాసిక పరిశోధనకు పితామహునిగా భావిస్తారు. అయితే ఆ గొడ్డళ్ల అన్వేషణ ఆయన తీరిక వేళలలో చేసుకొన్న పని. జీతం తీసుకొని, గుర్రం మీదా కాలినడకనా మూడు దశాబ్దాలకు పైగా చేసిన అసలు ఉద్యోగం శిలలను గుర్తించడం, వాటిని పటాలపై గీయడం, వాటిలోని ఖనిజ సంపద ఎంతటిదో ప్రభుత్వానికి నిజం చెప్పడం. బంగారం విషయంలో నిజం చెప్పడం ఆ రోజులలో సులభమైన పని కాదు.

ఫుట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించాడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో రూపుదిద్దుకొన్నది. తొలినాళ్లలో ఆ సంస్థ ముఖ్య లక్ష్యం రైళ్లకూ ఓడలకూ కావలసిన బొగ్గును వెదకడం. 1858 చివరలో ఫుట్ ఆ సంస్థలో చేరి మద్రాసు రాష్ట్రానికి నియమితుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగేళ్లు. విలియం కింగ్ మొదలైన సహచరులతో కలిసి ఆయన తమిళ జిల్లాలలో పని ఆరంభించాడు. నాటి భూగర్భ శాస్త్రజ్ఞుని జీవితం ఋతువులను బట్టి సాగేది. వానలు వెనుకబట్టగానే గుడారాలు, పటాలు, సుత్తులు, దిక్సూచి ఎద్దుబండ్ల కెక్కించుకొని పల్లెలకు బయలుదేరేవారు. ఎండలు ముదిరే దాకా ఊరి వెంట ఊరు తిరుగుతూ, కనబడిన ప్రతి రాతిగుట్టనూ పగులగొట్టి చూస్తూ, అది ఏ దిశకు వంగి ఉన్నదో, ఏ పొర మీద ఏ పొర ఉన్నదో వ్రాసుకొనేవారు. వానకాలం రాగానే కార్యాలయానికి తిరిగి వచ్చి నివేదికలు సిద్ధపరచేవారు. ఇట్లు ఫుట్ నడిచిన నేల విస్తీర్ణం ఆశ్చర్యం గొలుపుతుంది. తెలుగు నాట తీరభూమి మీదుగా మచిలీపట్నం వరకు ఆయన పరిశీలించిన ఫలితం 1879లో గ్రంథరూపం పొందింది. దక్షిణ మహారాష్ట్ర ప్రాంతం, మధుర, తిరునెల్వేలి, బళ్లారి జిల్లాలపై వ్రాసిన గ్రంథాలు వేరు.

1862లో ఆయన ఎలిజబెత్ ఆన్ పెర్సివల్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రి పీటర్ పెర్సివల్ ద్రవిడ భాషలలో పండితుడు. తమిళ సామెతలను సేకరించినవాడు. అదే 1862లో ఆయన కూర్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయింది. ఒక ఇంట మామ మాటలను ఏరుతుండగా అల్లుడు రాళ్లను ఏరుతుండడం ఒక చక్కని విశేషమే. మరుసటి సంవత్సరం, 1863 మే 30న, మద్రాసు సమీపంలోని పల్లావరంలో సైనికుల కవాతు మైదానం వద్ద కంకర కోసం త్రవ్విన గోతిలో ఫుట్‌కు ఒక రాయి దొరికింది. అది సహజంగా పగిలిన రాయి కాదనీ, మానవ హస్తం చెక్కిన పనిముట్టనీ ఆయన గ్రహించాడు. సెప్టెంబరులో కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం వద్ద అటువంటి పనిముట్లను మరెన్నింటినో కనుగొన్నాడు. ఫ్రాన్సులో దొరికిన అటువంటి గొడ్డళ్లు మానవుని ప్రాచీనతకు నిదర్శనాలని యూరపు పండితులు అంగీకరించి అప్పటికి నాలుగేళ్లే అయింది. అయినను ఆ కీర్తి ఆయన కుటుంబ జీవితాన్ని కాపాడలేకపోయింది. 1870లో ఎలిజబెత్ మరణించింది. చిన్న పిల్లలను విడిచి ఆమె పోయిన తరువాత ఫుట్ నాలుగేళ్ల పాటు ఒంటరిగానే ఉండి, 1874లో పునర్వివాహం చేసుకొన్నాడు.

ఆ 1874వ సంవత్సరమే ధార్వాడ జిల్లాలోని డంబళ కొండల బంగారాన్ని గురించిన ఆయన నివేదిక వెలువడింది. గదగ పట్టణానికి దక్షిణంగా కప్పతగుడ్డ అనే కొండల వరుస ఉన్నది. చుట్టూ నల్లరేగడి మైదానం. నడుమ ఈ ఎర్రని కొండలు. ఈ కొండల నుండి దిగివచ్చే వాగులలో బంగారపు రేణువులు దొరుకుతాయని చిరకాలంగా ప్రతీతి. ఆ రేణువులను కడిగి తీసే వృత్తివారిని అక్కడ జాలగారులంటారు. కంసాలి కొలిమి బూడిదను నీటిలో కడిగి లోహపు పొడిని వేరు చేయడాన్ని తెలుగులో జలగడుగుట అంటాము గదా, ఈ వృత్తినామానికి దానికి చుట్టరికం ఉన్నట్లు కనిపిస్తుంది. వానలు వెలిసి వాగు తగ్గిన తరువాత జాలగారులు బయలుదేరి, వంపులలోనూ బండల సందులలోనూ నిలిచిన ఇసుకను త్రవ్వి, చెక్క తొట్టిలో పోసి, నీళ్లతో కలియబెట్టి వంచేవారు. మామూలు ఇసుక కంటే బంగారం సుమారు ఏడు రెట్లు బరువైనది. కనుక తేలిక ఇసుక నీటితో పాటు జారిపోగా అడుగున నల్లని ఇనుప ఇసుక, దానిలో అక్కడక్కడ పసుపు చుక్కలు మిగులుతాయి.

ఫుట్ ఈ పనిని దూరం నుండి చూసి ఊరుకోలేదు. సొరటూరు వాగు పరీవాహక ప్రాంతంలో జాలగారుల చేత ఇసుకను కడిగించి ఏ వాగులో రేణువులు కనబడుతున్నాయో, ఏ వాగులో కనబడడం లేదో గమనించాడు. తరువాత ఆ వాగుల వెంట ఎగువకు నడిచాడు. అన్వేషకునికి వాగు ఒక దూత వంటిది. అది మోసుకొని వచ్చిన ఇసుక ఎగువనున్న కొండల వార్త చెబుతుంది. కాని వాగు నిజమంతా ఒక్కసారిగా చెప్పదు. వేల ఏళ్ల పాటు కొండ అరిగి కొట్టుకొనివచ్చిన బంగారం ఒక మడుగులో కూడబడితే, చూసేవానికి ఎగువన పెద్ద నిధి ఉన్నదన్న భ్రమ కలుగవచ్చును. అందుచేత ఫుట్ ఎగువనున్న పలుగురాతి చారలను కూడ ఒక్కొక్కటిగా పరిశీలించాడు. వెతుకులాడినవారు అంతకుముందే పగులగొట్టి వదలిన చారలు అందులో కొన్ని. బంగారం ఉన్నమాట నిజమేననీ, అది ఒకానొక రకపు శిలల నుండే వస్తున్నదనీ, అయితే దాని మోతాదు స్వల్పమనీ ఆయన తేల్చాడు. జాలగారుల వృత్తి వారికి కడుపునిండా కూడు పెట్టలేనంతటి స్థితిలో ఉండడం కూడ ఆయనకు ఒక సాక్ష్యమే. వాగులో నిజంగా ధనరాశి ఉంటే తరతరాలుగా దానిని కడుగుతున్నవారు బీదలుగా ఎందుకుంటారు? ఇంతటి ఉపకారం చేసిన ఆ పనివారి పేర్లు నేటి పాఠకునికి తెలియవు. వారి చేతి నైపుణ్యం లేనిదే ఆ నివేదిక లేదని మాత్రం చెప్పక తప్పదు.

డంబళ నివేదికలోని మెలకువ ఎంతటి విలువైనదో మరి ఆరేడేళ్లలో వయనాడు నిరూపించింది. నీలగిరులకు పడమరగా దట్టమైన అడవి, ఎడతెగని వాన, మలేరియా జ్వరాలు నిండిన ప్రాంతం వయనాడు. అక్కడ కాఫీ తోటల యజమానులు తెగుళ్ల వల్ల నష్టపోయి ఉన్నారు. దేవాల, పందలూరు పరిసరాలలో పలుగురాతి చారలు, వాటిలో బంగారపు జాడలు, పూర్వులు త్రవ్విన గోతులు ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. ఫుట్ సహచరుడు కింగ్ 1875లో ఆ ప్రాంతాన్ని గురించి నివేదిక వ్రాశాడు. ఆ తరువాత ఆస్ట్రేలియాలో గనుల అనుభవం గడించిన బ్రఫ్ స్మిత్ అనే నిపుణుడు వచ్చి ఎంతో ఆశ గొలిపే నివేదికను సమర్పించాడు. 1880 నాటికి లండన్‌లో వయనాడు బంగారం పేరిట పదుల సంఖ్యలో కంపెనీలు వెలిశాయి. లక్షల పౌన్ల వాటాధనం పోగయింది. అయితే ఆ సొమ్ములో పెద్దభాగం గనుల లోనికి పోలేదు. దివాలా తీసిన కాఫీ తోటలను అధిక ధరలకు కొనడానికీ, కంపెనీలను నెలకొల్పిన మధ్యవర్తుల లాభాలకూ ఖర్చయింది. అడవిలోనికి యంత్రాలు చేరాయి. రాయిని పొడి చేశారు. ఆ పొడిలో పనివారి కూలికి సరిపోయే బంగారమైనా చాలా చోట్ల దొరకలేదు. రెండు మూడేళ్లలో కంపెనీలు ఒకటి తరువాత ఒకటిగా మూతపడ్డాయి. లండన్‌లో తమ జీవితకాలపు పొదుపును వాటాలలో పెట్టిన సామాన్య గృహస్థులు నష్టపోయారు. అడవిలో పనికి వచ్చిన కూలీలు జ్వరాల పాలయ్యారు.

రాతిలో బంగారం ఉండడం వేరు, త్రవ్వితే గిట్టుబాటు కావడం వేరు. ఈ భేదాన్ని ఎరగనివారికి ఒక్క మెరుపుతునక చాలు, మతి పోగొట్టడానికి. చారలో ఒకచోట కంటికి కనబడే పసుపు చుక్క ఉండవచ్చు. పది అడుగుల అవతల ఏమీ ఉండకపోవచ్చు. కనుక ఒకే చార నుండి పలుచోట్ల ముక్కలు తీసి, పొడిచేసి, ఒక టన్ను రాతికి సగటున ఎంత బంగారం వస్తుందో లెక్క కట్టాలి. ఆ చార ఎంత పొడవు, ఎంత మందం, ఎంత లోతు వరకు దిగుతుందో తెలియాలి. అంతకంటె ముఖ్యంగా, అది ఏ జాతి శిలల నడుమ ఉన్నదో తెలియాలి. ఈ చివరి ప్రశ్నే ఫుట్‌ను వదలక పట్టుకొన్నది.

వయనాడు కథ ముగుస్తున్న వేళకు అందరి చూపు కోలారు వైపు మళ్లింది. మైసూరు సంస్థానపు తూర్పు సరిహద్దున, తెలుగు, తమిళ, కన్నడ భాషలు మూడూ వినిపించే ప్రాంతమది. 1802లో సరిహద్దులను కొలుస్తున్న జాన్ వారెన్ అనే సైనికాధికారి ఈ నేలలో బంగారమున్నదని విని, చూపినవారికి బహుమానమిస్తానని ప్రకటించగా, ఉరిగాం పరిసరాల పల్లె ప్రజలు బండితో మట్టిని తెచ్చి ఆయన కన్నుల ఎదుట కడిగి రేణువులను చూపారు. ఆ తరువాత డెబ్బై ఏళ్లు అది ఒక వింత కథగానే ఉండిపోయింది. 1873లో మైకేల్ లావెల్ అనే విశ్రాంత సైనికుడు అనుమతి కోసం అర్జీ పెట్టి, 1875లో సంపాదించి కొంత ప్రయత్నించాడు. సొమ్ము చాలక ఇతరులకు అప్పగించాడు. 1880 తరువాత జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ యాజమాన్యం వహించింది. వారూ మొదట నష్టాలనే చవిచూశారు.

1882లో ఫుట్ మైసూరు బంగారు క్షేత్రాల మీదుగా చేసిన యాత్రల వృత్తాంతాన్ని ప్రచురించాడు. అప్పటికి కోలారు అదృష్టం ఇంకా తేలలేదు. నీడ నిచ్చే చెట్లయినా అరుదుగా ఉన్న ఆ మెట్టభూమిలో ఆయన గమనించినది బంగారపు తునకలను కాదు. వాటిని పొదువుకొన్న నేల తీరును. కోలారు ప్రాంతమంతటా లేత రంగు నైస్ శిల, గ్రానైటు గుట్టలు వ్యాపించి ఉన్నాయి. వాటి నడుమ ఉత్తర దక్షిణాలుగా సన్నని పట్టీవలె ముదురు రంగు శిలలు సాగిపోతున్నాయి. నల్లగా, ఆకుపచ్చగా, పలకలు పలకలుగా చీలే ఈ శిలలను షిస్టులంటారు. అనాదికాలంలో పారిన లావా భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ లోనై మార్పు చెందగా ఏర్పడినవి వీటిలో అధికం. బంగారమున్న పలుగురాతి చారలన్నీ ఈ నల్లని పట్టీ లోపలే ఉన్నాయి. పూర్వులు త్రవ్విన గోతులు కూడ అక్కడే ఉన్నాయి. చదువురాని ఆ ప్రాచీన ఖనకులు శిలల జాతి భేదాన్ని తమ అనుభవంతో గుర్తించి, దానిని దాటి ఒక్క గుంట కూడ వృథాగా త్రవ్వలేదన్నట్లుగా ఉన్నది ఆ దృశ్యం.

ఆ గోతుల విలువ మైసూరు గనుల కంపెనీకి త్వరలోనే తెలిసివచ్చింది. 1883 నాటికి ఆ కంపెనీ మూలధనం దాదాపు హరించుకుపోగా దానిని మూసివేయాలన్న ఆలోచన వచ్చింది. మిగిలిన కొద్ది సొమ్ముతో చివరి ప్రయత్నం చేయాలని నిశ్చయించి, పాత గోతుల అడుగుకు దిగగా, పూర్వులు నీరు ఊరడం వల్లనో, గాలి ఆడకపోవడం వల్లనో ఆగిపోయిన చోట ఘనమైన చార కనబడింది. దానినే తరువాత చాంపియన్ లోడ్ అన్నారు. కోలారు గనులు ఆ చార వెంట మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, ప్రపంచంలోని అతి లోతైన గనులలో చేరాయి. 1902లో శివసముద్రం జలవిద్యుత్తు ఆ గనుల కోసమే తీగలపై ప్రయాణించి వచ్చింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుండి తెలుగు, తమిళ కుటుంబాలు వేల సంఖ్యలో వలస వెళ్లి ఆ చీకటి సొరంగాలలో తరతరాలు శ్రమించాయి. రాతి పేలుళ్లకు ప్రాణాలు కోల్పోయినవారూ, రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారూ అనేకులు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి.

చాంపియన్ చారను కనుగొన్న ఘనత ఫుట్‌ది కాదు. ఆయన చేసిన పని మరొక విధమైనది. ఒక్క కోలారులో ఎందుకు బంగారం ఉన్నది, అటువంటి నేల దక్షిణాపథంలో మరెక్కడ ఉన్నది అని ఆయన ఆలోచించాడు. బళ్లారి, అనంతపురం జిల్లాలలో సర్వేక్షణ చేస్తూండగా ఆయనకు సమాధానం స్పష్టపడింది. సండూరు కొండలలో ఇనుపరాతి పొరలతో కలిసి, పెన్నా, హగరి నదుల ప్రాంతంలో పొడవాటి పట్టీగా, కప్పతగుడ్డ నుండి దక్షిణంగా మైసూరు రాజ్యంలోనికి సాగిపోతూ, రాయచూరు అంతర్వేదిలో మస్కి వద్ద, ఎక్కడ చూసినా అవే నల్లని, ఆకుపచ్చని షిస్టులు. వేర్వేరు చోట్ల వేర్వేరుగా కనబడే ఈ పట్టీలన్నీ ఒకే శిలావ్యవస్థకు చెందిన అవశేషాలనీ, ఒకప్పుడు విశాలంగా పరచుకొని ఉన్న ఆ పొరలు భూమి ముడతలు పడినప్పుడు నైస్ శిలల మడతలలో చిక్కుకొని, మిగిలినదంతా అరిగిపోగా, ఆ మడతలలోనివి మాత్రం నిలిచాయనీ ఆయన ఊహించాడు. బట్ట మడతలో దాగిన దారపు పోగు బట్టంతా ఉతికినా పోకుండా మిగిలినట్లుగా భావిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. 1886లో బళ్లారి, అనంతపురం ప్రాంతాల భూస్వరూపాన్ని గురించి ప్రచురించిన వ్యాసంలో ఈ వ్యవస్థకు ధార్వాడ అని నామకరణం చేశాడు. 1888, 1889లలో దక్షిణ భారతంలో బంగారానికి ప్రధానమైన ఆశ్రయం ఈ ధార్వాడ శిలలేనని విపులంగా వ్రాశాడు.

నేడు ఈ మాట పాఠశాల విద్యార్థికి కూడ సుపరిచితమే కావచ్చు. ఆనాడు అది అన్వేషకుని చేతికి అందిన దీపం. అంతకుముందు బంగారం కోసం తిరిగేవాడు తెల్లని పలుగురాయి కనబడిన ప్రతిచోటా ఆశపడేవాడు. తెలుగు నాట పలుగురాయి లేని ఊరే ఉండదు. ఫుట్ పటం వచ్చిన తరువాత, నైస్ శిలలలోని వేలకొద్దీ పలుగురాతి చారలను విడిచి, షిస్టు పట్టీలలోనివాటి మీద దృష్టి నిలపడం సాధ్యమయింది. ఎక్కడ వెదకకూడదో చెప్పడం కూడ అన్వేషణలో సగం పని. 1887లో ఆయన మైసూరు రాజ్యంలోని బంగారు క్షేత్రాలను మరల ఒకమారు పరిశీలించి, వాటిని వరుసలుగా విభజించి నివేదిక వ్రాశాడు. శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి, చిత్తూరు జిల్లాలోని చిగురుకుంట, రాయచూరు జిల్లాలోని హట్టి, ఇవన్నీ ఇటువంటి షిస్టు పట్టీలలోని క్షేత్రాలే. వీటిలో హట్టి ప్రాచీనత విశేషమైనది. అక్కడ పూర్వుల గనులు యంత్రసాయం లేకుండానే వందల అడుగుల లోతుకు దిగాయి. వాటిలో దొరికిన కొయ్యను పరీక్షించగా అది సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది.

ఫుట్ చెప్పినదంతా నిలిచిందని అనుకోరాదు. ధార్వాడ శిలలు నైస్ శిలల మీద తరువాత ఏర్పడిన పొరలని ఆయన నమ్మాడు. ఆయన వెనుక మైసూరు భూగర్భ శాఖకు వచ్చిన స్మీత్, ఆయన అనుచరులు దీనిని అంగీకరించలేదు. షిస్టులే ప్రాచీనమైనవనీ, నైస్, గ్రానైటులు వాటిలోనికి కరిగిన స్థితిలో చొచ్చుకొని వచ్చినవనీ వారు వాదించారు. ఈ వివాదం దశాబ్దాల పాటు సాగింది. శిలల వయస్సును కొలిచే పద్ధతులు వచ్చిన తరువాత ఇరువురి వాదంలోనూ కొంత సత్యమున్నదని తేలింది. ముడివడిన ఈ నేలలో మూడు వందల కోట్ల ఏళ్లకు మించిన నైస్ శిలలూ ఉన్నాయి, షిస్టుల కంటె తరువాత వచ్చిన గ్రానైటులూ ఉన్నాయి. సుత్తి, దిక్సూచి, కండ్లు తప్ప వేరు సాధనం లేని కాలంలో ఫుట్ ఆ ముడిని విప్పడానికి చేసిన తొలి ప్రయత్నం అది.

బంగారం నడుమ ఆయన గుహలను మరువలేదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలో బిల్లసర్గం అనే సున్నపురాతి గుహలు ఉన్నాయి. వాటిలో ప్రాచీన జంతువుల ఎముకలున్నట్లు న్యూబోల్డ్ అనే అధికారి 1840లలోనే వ్రాసి ఉండగా తరువాత అందరూ మరచిపోయారు. ఇంగ్లండులోని ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ సూచనపై మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఈ గుహల పరిశీలనకు పూనుకొన్నాడు. ఫుట్ వెళ్లి త్రవ్వకాలు ప్రారంభించాడు. ఉద్యోగ విధులు పిలువగా పనిని సైన్యంలో అధికారిగా ఉన్న తన కుమారుడు హెన్రీకి అప్పగించాడు. తల్లిని బాల్యంలోనే కోల్పోయిన ఆ కుమారుడు తండ్రి అడుగుజాడలలో దీపం పట్టుకొని గుహ అడుగు మట్టిని పొరలు పొరలుగా త్రవ్వించాడు. ఈ ప్రాంతం నుండి అంతరించిన ఖడ్గమృగం మొదలైన జంతువుల ఎముకలతో పాటు, మనిషి చెక్కినట్లు తోచే ఎముక పనిముట్లు బయటపడ్డాయి. అవి నిజంగా పనిముట్లేనా అని చాలామంది సందేహించారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి కర్నూలు గుహలలో చేసిన త్రవ్వకాలతో ఎముక పనిముట్ల సంగతికి బలం చేకూరింది. బెలుం గుహలను గురించి వ్రాసినది కూడ ఫుటే, 1884లో. తరువాత ఒక శతాబ్దం పాటు ఆ గుహలను పట్టించుకొన్నవారు లేరు. 1982 తరువాత జర్మన్ గుహాన్వేషకులు పటం గీయగా, 2002 నుండి యాత్రికులు చూడగలుగుతున్నారు.

1891లో ఫుట్ ఉద్యోగ విరమణ చేశాడు. ఆ వయస్సులో స్వదేశానికి తిరిగి వెళ్లడం ఆంగ్లేయ ఉద్యోగులకు పరిపాటి. ఆయన ఇక్కడే ఉండిపోయాడు. బరోడా సంస్థానం ఆహ్వానంపై అక్కడి భూమిని పరిశీలించాడు. 1894లో మైసూరు సంస్థానం తన భూగర్భ శాఖను నెలకొల్పినప్పుడు దానికి తొలి అధిపతి అయ్యాడు. సేలం సమీపంలోని సేర్వరాయన్ కొండలపై ఏర్కాడులో ఇల్లు ఏర్పరచుకొని, నలభై ఏళ్లుగా పోగుచేసిన రాతి గొడ్డళ్లనూ, పెంకులనూ, ఎముకలనూ వరుసలు దీర్చుకొంటూ కాలం గడిపాడు. ప్రతి వస్తువు ఎక్కడ దొరికిందో, ఎటువంటి నేలలో దొరికిందో ఆయన వ్రాసి ఉంచాడు. బంగారం అన్వేషణలో అలవడిన ఈ క్రమశిక్షణే ఆ సేకరణకు శాశ్వతమైన విలువ తెచ్చింది. ఎక్కడిదో తెలియని రాతి ముక్క పరీక్షకు పనికిరాదు, అది బంగారపు రాయి అయినా, ఆదిమానవుని గొడ్డలి అయినా. బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు పశువుల పేడ కాలగా ఏర్పడినవన్న ఆయన అభిప్రాయం కూడ తరువాతి పరిశోధకుల పరీక్షకు నిలిచింది.

ఈ సేకరణను మద్రాసు ప్రభుత్వం కొని ప్రభుత్వ మ్యూజియంలో భద్రపరచింది. దానికి వివరమైన పట్టికను ఫుట్ స్వయంగా వ్రాశాడు. అచ్చయిన పుస్తకాన్ని చూసే భాగ్యం మాత్రం ఆయనకు కలుగలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన మరణించాడు. ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చిలో ఆయన స్మారక చిహ్నం ఉన్నది. ఆ పట్టిక 1914లోనూ, ఆయా వస్తువుల కాలనిర్ణయాన్ని, వ్యాప్తిని గురించిన వ్యాఖ్య 1916లోనూ వెలువడ్డాయి. పల్లావరం గోతిలో దొరికిన రాయి మొదలు బిల్లసర్గం ఎముకల వరకు, జిల్లాల వారీగా, ఊళ్ల వారీగా, వాగుల వారీగా ఆ సేకరణ వివరాలు ఆ పుటలలో నమోదై ఉన్నాయి.